వృద్ధాశ్రమంలో లెక్క ఎవరికి అప్పజెప్పాలి

వయోవృద్ధుల సేవలో జీవితం గడిపి కన్నుమూసిన పెద్దల స్మృతికి నివాళిగా కనిగిరి పట్టణంలో ఏర్పాటైన సభ ఇది. ఇటువంటి సందర్భాల్లో సేవ, త్యాగం, కృతజ్ఞత వంటి ఉదాత్త విషయాలను స్మరించుకోవడం ఆనవాయితీ. ఈ ఉపన్యాసం మాత్రం ఆ ఉదాత్తత నిత్యజీవితంలో నిలబడడానికి ఆధారమైన రెండు సామాన్య విషయాలను, అంటే ఆశ్రమం ఆఫీసు బల్ల మీది రిజిస్టరునూ, వంటగది పక్కనున్న సరుకుల గదినీ విచారణకు తీసుకుంటుంది.

వృద్ధాశ్రమంలో మందులు, సరుకులు వేళకు అందకపోతే దానికి డబ్బు లేకపోవడమే కారణమని, రికార్డులు సరిగా ఉండకపోతే దానికి సిబ్బంది చాలకపోవడమే కారణమని సాధారణంగా చెబుతారు. రెండింటిలోనూ సత్యముంది. అయితే నిధులున్న చోట కూడా మందు అందని రోజులుండడాన్ని, రిజిస్టర్లు దండిగా ఉన్న చోట కూడా ఒక మనిషి గురించి అడిగితే చెప్పలేని స్థితి ఉండడాన్ని ఈ కారణాలు వివరించలేవు. మన ధర్మసంస్థల్లో లెక్క అనేది తరతరాలుగా పైకి, అంటే దాతకూ పాలకునికీ తనిఖీ అధికారికీ అప్పజెప్పేదిగా ఎదిగిందనీ, ఏ మనిషి కోసం సంస్థ నడుస్తోందో ఆ మనిషికి అప్పజెప్పేదిగా ఎదగలేదనీ, రికార్డుల లోపమూ సరఫరా లోపమూ ఈ ఒక్క వేరు నుంచే పుట్టాయనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ వేరు ఎంత లోతైనదో తెలియాలంటే కృష్ణాతీరంలోని మల్కాపురం శాసనం దగ్గర మొదలుపెట్టాలి. నేటి గుంటూరు జిల్లాలో మందడం సమీపాన ఉన్న ఈ శాసనం శకవర్షం 1183కు, అంటే క్రీ.శ. 1261కి చెందినది. కాకతీయ గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యునికి మందడ గ్రామాన్ని దానం చేయగా, గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి దానికి వెలగపూడిని జోడించింది. ఆ రాబడితో గోళకీ మఠమూ, విద్యాలయమూ, ప్రసూతిశాలా, ఆరోగ్యశాలా, అన్నసత్రమూ వెలిశాయి. ఆ సత్రంలో ఆకలితో వచ్చిన ఎవరికైనా కులభేదం లేకుండా అన్నం పెట్టాలన్న నియమం ఏడున్నర శతాబ్దాల కిందట రాతి మీద చెక్కబడడం తెలుగువారు గర్వించదగిన విషయం. సిబ్బంది జాబితాలో ఆచార్యులతో, వంటవారితో, గ్రామరక్షకులతో పాటు ఒక వైద్యుడూ, ఒక కాయస్థుడూ ఉన్నారు. కాయస్థుడంటే లెక్కలు రాసే ఉద్యోగి. ఆరోగ్యశాలకు వైద్యుడు ఎంత అవసరమో లేఖకుడూ అంతే అవసరమని ఆ కాలం గ్రహించింది. తరువాతి కాలాల్లో చాలా సంస్థలు ఈ గ్రహింపును జారవిడుచుకున్నాయి.

సరుకుల నిల్వ విషయంలో ఇంతకన్నా వివరమైన సాక్ష్యం తమిళదేశంలో, పాలారు తీరాన తిరుముక్కూడల్ ఆలయంలో ఉంది. పదకొండో శతాబ్దపు చోళరాజు వీరరాజేంద్రుని కాలంనాటి ఆ శాసనం పదిహేను పడకల ఆసుపత్రిని వర్ణిస్తూ, అందులో ఒక వైద్యుడూ, ఒక శస్త్రకారుడూ, మూలికలు తెచ్చే ఇద్దరు మనుషులూ, రోగులకు పరిచర్య చేసే ఇద్దరు స్త్రీలూ, ఒక మంగలీ ఉండాలనీ, ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఎంత ధాన్యం కొలవాలనీ, రాత్రంతా వెలగవలసిన దీపానికి ఎంత నూనె పోయాలనీ నిర్ణయిస్తుంది. ఏడాది పొడవునా నిల్వ ఉండవలసిన ఔషధాల పేర్లను కూడా వరుసగా చెక్కింది. నేటి భాషలో చెప్పాలంటే అది సిబ్బంది నమూనా, బడ్జెట్టు, స్టాకు రిజిస్టరు మూడూ కలిసిన పత్రం.

ఈ రెండు శాసనాల్లోనూ దాత పేరుంది, రాబడి వచ్చే గ్రామాలున్నాయి, ఉద్యోగుల వాటాలున్నాయి. ఆ పదిహేను పడకల మీద పడుకున్నవారెవరో, ఆ సత్రంలో తిన్నవారెవరో ఎక్కడా లేదు. ఆ యుగాన్ని ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు, ఎందుకంటే శాసనం దానాన్ని శాశ్వతం చేసేందుకు పుట్టిన ప్రక్రియ. కాని పద్ధతి అక్కడ స్థిరపడింది. కంపెనీ పాలనలో మద్రాసు ప్రభుత్వం చేసిన 1817 నాటి ఏడో రెగ్యులేషన్ దేవాలయాలు, సత్రాల వంటి ధర్మసంస్థల భూముల రాబడి దాత ఉద్దేశించిన పనికే వినియోగమయ్యేలా చూసే బాధ్యతను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. దుర్వినియోగాన్ని అరికట్టడంలో దాని మేలు కాదనలేనిది. అయినా అక్కడ కూడా విచారించేది భూమి ఏమైంది, రాబడి ఏమైంది అన్నదే.

ఈ ధోరణికి ఎదురు నిలిచిన ఘట్టం ఒకటి 1876–78 నాటి మహాక్షామంలో కనిపిస్తుంది. కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలో భాగం. నెల్లూరు, కర్నూలు జిల్లాలు ఆ కరువులో తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1877 ఆరంభంలో కేంద్రం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించే ఉద్దేశంతో, కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యమూ, దానికి తోడు స్వల్ప నగదూ అన్న స్థాయికి కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని వ్యతిరేకించాడు. ఆయన వాదం దయాధర్మాల మీద ఆధారపడలేదు; కష్టపడే శరీరానికి ఎంత ఆహారం అవసరమో చెప్పే లెక్కల మీద, జైళ్లలోని ఆహారపు కొలతల మీద, మనుషుల బరువులు, మరణాల నమోదు మీద ఆధారపడింది. ఆ ఏడాదిలోనే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచవలసి వచ్చింది. టెంపుల్ లెక్క ఖజానాకు అప్పజెప్పే లెక్క, కార్నిష్ లెక్క శరీరానికి అప్పజెప్పే లెక్క. ఎంత ధాన్యం ఖర్చయిందన్న ప్రశ్నకు బదులు తిన్న మనిషి ఏమయ్యాడన్న ప్రశ్న వేయడమే వాటి మధ్య భేదం. వృద్ధాశ్రమాల విషయంలో ఈ నాటికీ వేయవలసిన ప్రశ్న అదే.

కనిగిరి సీమకు ఇటువంటి లెక్కతో మరింత దగ్గరి సంబంధముంది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లో నెల్లూరు జిల్లాలో ప్రబలిన ఫ్లోరోసిస్‌ను వర్ణిస్తూ ప్రకటించిన వ్యాసం మన దేశంలో ఈ వ్యాధిని శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి రచనల్లో ఒకటి. భూగర్భజలంలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుని, వెన్నునూ కీళ్లనూ బిగదీసి, మనిషిని వంచేసే వ్యాధి ఇది. అంతకు ముందు తరాలు దీన్ని ముసలితనపు నడుమునొప్పిగానో, ఆ ఊరి నీటి గుణంగానో భావించి ఊరుకున్నాయి. ఎవరు ఏ బావి నీళ్లు తాగారు, ఎన్నేళ్లు తాగారు, వారి ఎముకల స్థితి ఏమిటి అని మనిషి వారీగా రాసి పోల్చినప్పుడే ముసలితనంగా చెలామణి అయినది రోగమని తేలింది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడినప్పుడు కనిగిరి దానిలో చేరింది. పరిపాలన మారినా నీటి సమస్య మిగిలింది. ఈ ప్రాంతపు వృద్ధాశ్రమంలో చేరే వ్యక్తి ఏ ఊరివాడో, ఏ బోరు నీళ్లు తాగి పెరిగాడో రాసి ఉంచడం ఆ కారణంగా వైద్య సమాచారమే అవుతుంది.

కుటుంబం ఉన్నంతకాలం ఈ సమాచారానికి రిజిస్టరు అవసరం రాలేదు. అత్తగారికి ఏ మాత్ర పడదో కోడలికి తెలుసు, తాతకు ఏ చెవి వినపడదో మనుమడికి తెలుసు, ఏ సంవత్సరంలో తుంటి విరిగిందో, ఏ డాక్టరు కట్టు కట్టాడో ఇంటిల్లిపాదికీ తెలుసు. వర్షాధారపు మెట్ట సేద్యంతో పిల్లలను నిలుపుకోలేని కనిగిరి, పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు ప్రాంతాల నుంచి నడివయస్కులు పనుల కోసం హైదరాబాదుకూ బెంగళూరుకూ తరలిపోయినప్పుడు పెద్దల పోషణ భారం ఒక్కటే అనాథ కాలేదు, వారి గురించిన ఈ జ్ఞాపకమంతా కూడా చెదిరిపోయింది. ఆశ్రమం గుమ్మం దగ్గర దిగబెట్టే బంధువు ఒక సంచీలో రెండు జతల బట్టలూ, ఒక ఆధార్ నకలూ, అట్టపెట్టె లేని మాత్రల కొన్ని పట్టీలూ ఇచ్చి వెళతాడు. ఆ క్షణంలో అడిగి రాసుకోనిది తరువాత ఎవరూ చెప్పలేరు. మతిమరుపు వ్యాధి ఉన్నవారి విషయంలో వారు కూడా చెప్పలేరు.

చట్టం ఈ స్థితిని ఎంతవరకు గుర్తించింది? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లల నుంచి పోషణ కోరే హక్కునూ, దానికి ట్రిబ్యునళ్లనూ అది ఏర్పరచింది. 19వ సెక్షన్‌లో ప్రతి జిల్లాకూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి కల్పించగల ఆశ్రమం ఒకటైనా రాష్ట్ర ప్రభుత్వాలు స్థాపించవచ్చునని చెప్పింది. స్థాపించి తీరాలని అనలేదు. స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు వ్యక్తులు నడిపే ఆశ్రమాలు నమోదు కావాలన్న నిబంధన ఆ కేంద్ర చట్టంలో లేదు. దీని ఫలితం 2018 డిసెంబరు 13న సుప్రీంకోర్టు అశ్వనీకుమార్ కేసులో ఇచ్చిన తీర్పులో కనిపిస్తుంది: దేశంలో ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయో రాష్ట్రాల నుంచి సమాచారం సేకరించి తెలపాలని న్యాయమూర్తులు మదన్ లోకూర్, దీపక్ గుప్తా కేంద్రాన్ని ఆదేశించవలసి వచ్చింది. 2011 జనాభా లెక్కల నాటికే అరవై దాటినవారు పది కోట్లను మించిన దేశంలో, చట్టం వచ్చిన పదకొండేళ్లకు, అన్నిటికన్నా మౌలికమైన సంఖ్యను న్యాయస్థానం అడగవలసి రావడం తీవ్రంగా ఆలోచించవలసిన విషయం. 2019లో పార్లమెంటు ముందుకు వచ్చిన సవరణ బిల్లు ఆశ్రమాల నమోదునూ, కనీస ప్రమాణాలనూ ప్రతిపాదించింది. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ కాలం ముగిసి మురిగిపోయింది.

పిల్లల విషయంలో ఇదే రాజ్యం వేరుగా ప్రవర్తించింది. అనాథాశ్రమాల పర్యవేక్షణకు 1960లోనే చట్టం వచ్చింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను ఉంచే ప్రతి సంస్థా నమోదు కావాలి, ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి. అంటే ఆ బిడ్డ ఆరోగ్యం, చదువు, అవసరాలు, భవిష్యత్తు గురించి విడిగా ఒక దస్త్రం ఉండాలి. నోరులేని బిడ్డకు కావలసిన రక్షణ నోరు తడబడే వృద్ధురాలికి అక్కరలేదని ఏ ధర్మమూ చెప్పదు.

ఇక దైనందిన సమస్యల్లో మొదటిది గుర్తింపు పత్రాలది. ఈ తరం వృద్ధుల్లో అత్యధికులకు జనన నమోదు లేదు. ఆధార్ నమోదు నాడు ఉజ్జాయింపుగా చెప్పిన వయస్సే, తరచు జనవరి 1వ తేదీతో, వారి అధికారిక పుట్టినరోజు అయింది. అరవై ఏళ్లకు పింఛను, డెబ్బై ఏళ్లకు 2024 అక్టోబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ వయ వందన కార్డు వంటివన్నీ ఆ ఉజ్జాయింపు మీద ఆధారపడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలుగా అందుతున్న వృద్ధాప్య పింఛనును ప్రతి నెలా మొదటి తేదీన సచివాలయ సిబ్బంది ఇంటి వద్ద అందజేయడం మెచ్చదగిన ఏర్పాటు. అయితే ఆ ఇల్లు ఏ సచివాలయం పరిధిలో నమోదై ఉందన్నది ఆశ్రమానికి మారిన వ్యక్తికి చిక్కుముడిగా మారుతుంది. రేషన్ కార్డులో పేరు కొడుకు కుటుంబంతో కలిసి ఉంటుంది. జీవితమంతా మిరపకాయలు కోసి, పత్తి తీసి, పొగాకు గ్రేడింగ్ చేసిన చేతుల వేళ్ల మీద గీతలు అరిగిపోయి యంత్రం వేలిముద్రను నిరాకరిస్తుంది. ఐరిస్, ముఖ గుర్తింపు పద్ధతులు వచ్చినా శుక్లాలు కమ్మిన కంటి దగ్గరా, మంచం దిగలేని దేహం దగ్గరా మళ్లీ ఇబ్బందే. కనిగిరి పొగాకు వేలం కేంద్రానికి వచ్చే ప్రతి బేలుకూ లాట్ నంబరు, బరువు, గ్రేడు, ధర, కొనుగోలుదారు పేరు రాయబడతాయి. ఆ ఆకును గ్రేడు చేసిన చేతులకు వార్ధక్యంలో అంత శ్రద్ధగల నమోదైనా దక్కాలని కోరడం అత్యాశ కానే కాదు.

మందుల విషయం ఇంకా సున్నితమైనది. షుగరు, బీపీ, కీళ్లనొప్పులు, నిద్ర, గుండె అంటూ ఒక్కొక్క వృద్ధునికి పలు రకాల మాత్రలుంటాయి. ఇంగ్లండులో 55 వృద్ధాశ్రమాల్లోని 256 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో సగటున ఒక్కొక్కరు ఎనిమిది మందులు వాడుతున్నారనీ, ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురి విషయంలో మందు రాయడంలోనో ఇవ్వడంలోనో పర్యవేక్షణలోనో ఒక్క పొరపాటైనా జరిగిందనీ తేలింది. శిక్షణ పొందిన సిబ్బందీ, అచ్చువేసిన పట్టికలూ, తనిఖీ వ్యవస్థా ఉన్న దేశపు స్థితి అది. ఒకే ఆయా ఇరవైమందికి మాత్రలు పంచే చోట, రాత్రి డ్యూటీ మనిషి పగటి మనిషికి నోటిమాటగా అప్పగించి వెళ్లే చోట, అదే మందు వేరే కంపెనీ పేరుతో మరో రంగు పట్టీలో వచ్చినప్పుడు కలిగే గందరగోళం ఊహించదగినదే. ఇంట్లో నుంచి తెచ్చిన పాత పట్టీ, 104 వాహనంలో ఇచ్చిన పట్టీ, జనౌషధి కేంద్రంలో కొన్న పట్టీ మూడూ ఒకే మందు అయితే రెండింతలో మూడింతలో మోతాదు పడిపోతుంది. బీపీ మాత్ర ఒకటికి రెండయితే తెల్లవారుజామున లేచి నిలబడ్డప్పుడు కళ్లు తిరిగి పడిపోతారు. ఆ వయస్సులో తుంటి విరగడమంటే ఏమిటో ఈ సభలోని వైద్యులకు వివరించనక్కరలేదు. తెరవని ఇన్సులిన్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మే నెల ఎండల్లో కరెంటు పోయిన గంటలను ఎవరూ రాయకపోతే ఆ ఇన్సులిన్ పనిచేస్తుందో లేదో చెప్పగలవారు లేరు. స్టాకు రిజిస్టరులో మాత్రం లెక్క సరిపోతుంది. సీసాలు వచ్చాయి, సీసాలు ఖర్చయ్యాయి.

సరఫరా లోపానికి మూలం రికార్డు ఎటు తిరిగి ఉందన్న దానిలోనే ఉందని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. నెలకు ఎన్ని మాత్రలు కావాలో తెలియాలంటే ఎవరు రోజుకు ఎన్ని వేసుకుంటారో రాసి ఉండాలి. ఆ రాత లేనిచోట ఇండెంట్ అంటే కిందటి నెల బిల్లుకు నకలు, మందు అయిపోయిందన్న సంగతి ఖాళీ డబ్బా తెరిచిన నాడు తెలుస్తుంది.

అన్నం విషయంలో సమస్య మరో రూపంలో వస్తుంది. కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే ఆశ్రమాలకు గ్రాంటు లెక్కల పరిశీలన తరువాత విడతలుగా వస్తుంది గనుక మధ్యకాలం అప్పు సరుకుల మీదనో దాతల మీదనో నడుస్తుంది. గ్రాంటు లేనివి పూర్తిగా దాతల మీద ఆధారపడతాయి. అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పుణ్యభూమిలో దానికి కొదవలేదు. కాని దాతలు తమ ఇంటి పుట్టినరోజుకో, పెద్దల ఆబ్దికానికో, పెళ్లిరోజుకో తేదీ ఎంచుకుంటారు. ఆ రోజు పాయసం, గారెలు, పులిహోర విస్తరి నిండుతాయి; మధుమేహమున్న వృద్ధుడు కాదనలేక తింటాడు. అదే వారంలో మరో రోజు పలుచని చారుతో ముగుస్తుంది. చీరలు, దుప్పట్లు బీరువాల్లో పేరుకుంటాయి, డైపర్లు, సబ్బులు, పుండ్లకు వేసే కట్టుగుడ్డలు మాత్రం ఎప్పుడూ చాలవు, ఎందుకంటే వాటిని ఇస్తూ ఫొటో తీయించుకోవాలని ఎవరికీ తోచదు. దాతల మనస్సును నొప్పించడం ఇక్కడ ఉద్దేశం కాదు, ఆ మనస్సు లేకపోతే ఈ ఆశ్రమాల్లో చాలావాటికి రేపు పొయ్యి వెలగదు. దాతకు చూపవలసింది ఖాళీ తేదీల పట్టిక కాదనీ, కావలసిన వస్తువుల పట్టిక అనీ, అది మనిషి వారీగా రాసిన అవసరాల నుంచి ప్రతి నెలా తయారు కావాలనీ చెప్పడమే ఉద్దేశం.

ఆ రాత పెద్దగా ఖర్చయ్యేది కాదు. చేరిన రోజునే ప్రతి వ్యక్తికీ ఒక విడి ఫైలు తెరిచి, అందులో ఊరు, నీటి వనరు, పాత జబ్బులు, పడని మందులు, ఎప్పుడు ఎవరికి కబురు చేయాలి, ఏమి తినడం ఇష్టం, మతాచారాలేమిటి అన్నవి రాయాలి. మందు మింగించిన వెంటనే ఇచ్చిన వ్యక్తి సంతకం చేసే దినపట్టిక ఉండాలి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో రాయాలి. నెలకొకసారి బరువు తూచాలి. కార్నిష్ ఆధారం చేసుకున్న ఆ సామాన్యమైన కొలత, మెనూ పట్టిక చెప్పలేని సత్యాన్ని చెబుతుంది: మూడు నెలలుగా బరువు తగ్గుతున్న వృద్ధురాలికి పళ్లు ఊడిపోయాయో, అన్నవాహిక సమస్యో, మనోవ్యథో, లేక వడ్డన సరిగా జరగడం లేదో విచారించవలసిన అవసరాన్ని అది బయటపెడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములను మించి ఫ్లోరైడ్ ఉన్న నీరు తాగడానికి పనికిరాదని భారతీయ ప్రమాణం చెబుతోంది గనుక, క్యాను నీళ్లయినా బోరు నీళ్లయినా పరీక్ష ఫలితాన్ని తేదీతో అదే ఆఫీసులో ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తన ఫైలును తాను చూడడానికీ, చదవలేకపోతే చదివించుకుని వినడానికీ వృద్ధునికి హక్కుండాలి. తప్పు రాస్తే అది తప్పని చెప్పగల ఒకే ఒక్క సాక్షి చాలాసార్లు ఆ మనిషే. ఈ పనికి అదనపు మనిషి కావాలన్న అభ్యంతరం నిజమైనదే. మల్కాపురంలో వైద్యుని పక్కన కాయస్థునికి వాటా కేటాయించిన కారణం అదే గనుక, ప్రభుత్వ గ్రాంటులోనూ దాతల నిధిలోనూ ఆ జీతానికి ఒక పద్దు ఉండి తీరాలి. పట్టణంలోని కళాశాలలు, నర్సింగ్ విద్యార్థులు మొదటి ఏడాది ఆ ఫైళ్లు తెరిచే పనిలో తోడ్పడగలరు, అయితే రోజువారీ రాత మాత్రం జీతం తీసుకుని జవాబుదారీ వహించే మనిషి చేతిలోనే ఉండాలి.

చట్టానికి సంబంధించిన ఒక విషయం మిగిలింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఎనిమిదో సెక్షన్ ఏ చోట మరణం సంభవిస్తే ఎవరు తెలియజేయాలో చెబుతూ సత్రం, చౌల్ట్రీ, ధర్మశాల, హాస్టలు వంటి చోట్ల ఆ బాధ్యతను నిర్వాహకుని మీద ఉంచింది. 21 రోజుల్లోగా ఆ సమాచారం రిజిస్ట్రారుకు చేరాలి. వృద్ధాశ్రమం అన్న పేరు ఆ జాబితాలో లేకపోయినా, ఆశ్రమ నిర్వాహకులు ఈ బాధ్యత కిందికే వస్తారని భావించవచ్చు. అంటే ప్రైవేటు ఆశ్రమంలో నివసించే వృద్ధుని గురించి కేంద్ర శాసనం పేరుపెట్టి, గడువుపెట్టి అడుగుతున్న సమాచారం ఆయన మరణించాడన్నదే. ఆయన చేరిన తేదీని, వేసుకునే మందును, తూగే బరువును ఏ కేంద్ర శాసనమూ ఆ విధంగా అడగడం లేదు. మురిగిపోయిన సవరణ బిల్లు స్థానంలో పార్లమెంటు మరొకటి తెచ్చే వరకు వేచి ఉండకుండానే, 2007 చట్టం ఆశ్రమాల నిర్వహణకూ ప్రమాణాలకూ పథకం రూపొందించే అధికారాన్ని 19వ సెక్షన్ రెండో ఉపనిబంధనలో రాష్ట్రాలకు ఇచ్చింది గనుక, ఆ అధికారం కింద ప్రభుత్వం నడిపే ఆశ్రమాలన్నిటిలో, గ్రాంటు షరతుగా సహాయం పొందే ఆశ్రమాలన్నిటిలో వ్యక్తిగత ఫైలునూ, మందుల దినపట్టికనూ, నెలవారీ బరువు నమోదునూ తప్పనిసరి చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ సభ ఆమోదిస్తే ఆ కోరికను విజ్ఞాపనగా రాసి, జిల్లా కలెక్టరు ద్వారా వయోవృద్ధుల సంక్షేమ శాఖకు పంపడం ఈ సంస్మరణ కార్యక్రమంలో భాగం కాగలదు.